బడి గడప దాటిన విద్య: ఇందూరు సీమలో స్వయంశిక్షణ, గుర్తింపు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

విద్యను పట్టాలతోనూ, పరీక్షలతోనూ కొలవడం మనకు అలవాటైన పద్ధతి. అయితే తెలంగాణ ఆధునిక చరిత్రను మలచిన వారిలో పలువురు బడిలో కొద్దిగానే చదివి, తమ బుద్ధిని తామే పెంచుకున్నవారు. అటువంటి స్వయంశిక్షణకు సమాజం, సంస్థలు, ప్రభుత్వం ఏ విధంగా గుర్తింపునిచ్చాయన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. నిజామాబాదు (ఇందూరు) ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకొని, గ్రంథాలయోద్యమం, ఆంధ్రమహాసభ, వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం, ఇందూరు జైలు, ఆంధ్ర సారస్వత పరిషత్తు పరీక్షలు, సార్వత్రిక విశ్వవిద్యాలయం, బోధన్ చక్కెర కర్మాగారంలోని శ్రామిక నైపుణ్యం అనే అంశాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: స్వయంశిక్షణ, గుర్తింపు, గ్రంథాలయోద్యమం, వట్టికోట ఆళ్వారుస్వామి, ఇందూరు జైలు, సారస్వత పరిషత్తు, నిజాం చక్కెర కర్మాగారం, కందకుర్తి.

1. ఉపోద్ఘాతం:

గోదావరి తెలంగాణ నేలపై అడుగుపెట్టే చోటు కందకుర్తి. నిజామాబాదు జిల్లా రెంజల్ మండలంలోని ఈ గ్రామం వద్ద మంజీర, హరిద్ర గోదావరిలో కలుస్తాయి. నదికి ఆవలి ఒడ్డు మహారాష్ట్ర. ఇటువంటి సరిహద్దు గ్రామాల్లో ఒకే మనిషి ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ, కచేరీలో ఉర్దూ మాట్లాడటం తరతరాలుగా ఉన్నదే. ఈ మూడు భాషలనూ అతడు బడిలో నేర్వలేదు. నది లోతును, సుడిని, వరద రాకను పసిగట్టే పడవవాని తెలివికీ పాఠ్యపుస్తకం లేదు. అయినా జనాభా లెక్కలు రాసుకొనే ఉద్యోగి వచ్చినప్పుడు, మూడు భాషలు తెలిసిన ఆ మనిషి ‘నిరక్షరాస్యుడు’ అనే ఒక్క గడిలో ఇమిడిపోతాడు.

ఈ వ్యాసానికి ప్రేరణ ఈ వైరుధ్యమే. మనిషి తనంతట తాను సాధించుకొన్న ఎదుగుదలకు విలువ ఉన్నదని అందరూ ఒప్పుకుంటారు. దానిని ఎవరు, ఏ ఆధారంతో, ఏ ప్రయోజనం కోసం గుర్తించాలన్న దగ్గర అభిప్రాయాలు వేరవుతాయి. గుర్తింపు లేకపోతే జ్ఞానం నశించదు, కానీ జ్ఞానవంతునికి దక్కవలసిన చోటు దక్కదు. మరోవైపు, పట్టా రూపంలో మాత్రమే గుర్తింపునిస్తే, పట్టాకు ఒదగని జ్ఞానం మళ్లీ వెలుపలే మిగులుతుంది. ఈ రెండు చిక్కులనూ తెలంగాణ సమాజం గడచిన శతాబ్దంలో అనుభవంతో ఎదుర్కొన్నది. ఆ అనుభవాన్ని క్రమంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఇక్కడ ‘స్వయంశిక్షణ’ అనే మాటను బడి, కళాశాల వంటి నియత విద్యాసంస్థల వెలుపల, వ్యక్తి తన ఇచ్ఛతో, తన శ్రమతో చేసుకొన్న అభ్యాసం అనే అర్థంలో వాడటం జరిగింది. ఇందులో పుస్తక పఠనంతో పాటు వృత్తి నైపుణ్యం, భాషాభ్యాసం, సంఘ నిర్మాణ సామర్థ్యం కూడా చేరుతాయి.

2. నిజాం రాజ్యంలో బడి - మాతృభాష:

స్వయంశిక్షణ తెలంగాణలో కొందరి అభిరుచిగా మొదలు కాలేదు. అది చాలామందికి అవసరం. హైదరాబాదు సంస్థానంలో అత్యధిక సంఖ్యాకుల భాష తెలుగు. పాలనా భాష, ఉన్నత విద్యా భాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషను ఉన్నత విద్యా మాధ్యమంగా నిలిపి దేశంలో కొత్త ప్రయోగం చేసింది. కానీ ఆ భాష ఉర్దూ కావడంతో, తెలుగు, మరాఠీ, కన్నడ భాషల పిల్లలకు అది కూడా పరాయి భాషలో చదువే అయింది.

ప్రభుత్వ పాఠశాలలు తక్కువగా ఉన్న కాలంలో గ్రామాల్లో ఖాన్గీ బడులే, అంటే ప్రైవేటు బడులే, ఆధారం. ఒక పంతులు, ఒక అరుగు, పది పదిహేనుమంది పిల్లలు ఉంటే బడి నడిచేది. 1920లలో అటువంటి బడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ నిబంధనలు వచ్చాయి. ఫలితంగా వాటి సంఖ్య బాగా తగ్గింది. ఆంధ్రమహాసభలు ఈ నిబంధనలను తొలగించాలనీ, ప్రాథమిక విద్య మాతృభాషలో సాగాలనీ తీర్మానాలు చేస్తూ వచ్చాయంటే సమస్య తీవ్రత అర్థమవుతుంది.

బడి దూరమైనప్పుడు, ఉన్న బడి తన భాషలో లేనప్పుడు, చదువుకోవాలన్న మనిషికి మిగిలిన దారులు మూడు: గ్రంథాలయం, పత్రిక, సభ.

3. గ్రంథాలయం, పత్రిక, సభ:

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. 1906లో హైదరాబాదులోనే కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల కృషితో విజ్ఞానచంద్రికా మండలి ప్రారంభమై, చరిత్ర, విజ్ఞానశాస్త్రం, జీవితచరిత్రలను తెలుగులో ప్రచురించింది. ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. ముందు పుస్తకం ఉండే చోటు ఏర్పడింది. తరువాత బడి చదువు లేనివాడు కూడా చదువదగిన పుస్తకం ఏర్పడింది.

1921లో ఆంధ్రజనసంఘం, దాని వెనుక 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ ఆంధ్రమహాసభ జరిగాయి. జోగిపేటలోనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. ఆంధ్రమహాసభ ఆరవ సమావేశం 1937లో నిజామాబాదులో మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. ఇందూరు సీమకు ఈ సభ కేవలం రాజకీయ సంఘటన కాదు. వేదికపై ఒక తీర్మానాన్ని ప్రతిపాదించడం, దానిని బలపరచడం, సవరణ కోరడం, ఓటుకు పెట్టడం అనే ప్రజాస్వామిక క్రమాన్ని ఏ బడీ అప్పటికి బోధించడం లేదు. రైతులు, చిన్న వర్తకులు, యువకులు ఆ విద్యను సభలోనే కూర్చుని నేర్చారు.

సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న ప్రారంభించిన గోలకొండ పత్రిక ఈ కృషికి మూడవ అంగం. ఊళ్లో ఒకరికి పత్రిక వస్తే ఒకరు చదవడం, నలుగురు వినడం ఆనాటి రివాజు. వినికిడి చదువును అక్షరాస్యత లెక్కలు పట్టుకోలేవు. కానీ ఆనాటి చైతన్యంలో దాని పాలు చిన్నది కాదు.

4. వట్టికోట ఆళ్వారుస్వామి - ఒక స్వయంశిక్షితుని జీవితం:

ఈ మూడు దారులూ ఒకే మనిషి జీవితంలో కలిసిన ఉదాహరణ వట్టికోట ఆళ్వారుస్వామి (1915-1961). నల్లగొండ జిల్లా నకిరేకల్ సమీపంలోని చెరువు మాదారం గ్రామంలో జన్మించిన ఆయనకు చిన్నతనంలోనే తండ్రి మరణంతో చదువు నిలిచిపోయింది. ఇతరుల ఇళ్లలో వంటపని చేస్తూ అక్షరాన్ని కాపాడుకున్నారు. విజయవాడలో హోటలులో సర్వరుగా పనిచేశారు. అక్కడి గ్రంథాలయ వాతావరణం ఆయనను చదువువైపు మళ్లించింది. ఆంగ్లాన్ని సొంతంగా నేర్చుకున్నారు. తరువాత హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫు రీడరుగా కుదిరారు.

ప్రూఫు దిద్దే పనిని ఈ సందర్భంలో ప్రత్యేకంగా గమనించాలి. అది కూలికి చేసే పని. కానీ అక్షరం అక్షరం పట్టి చదవనిదే సాగని పని. చరిత్ర, రాజకీయం, సాహిత్యం, లేఖలు అన్నీ ఆ బల్ల మీదుగానే పోతాయి. బడి ఇవ్వలేకపోయిన విస్తారమైన పఠనాన్ని ఆయనకు బతుకుదెరువే ఇచ్చింది. పని చేస్తూ నేర్వడమంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే చక్కని నిదర్శనం అరుదు.

1938లో ఆయన దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. ఆ ఏడాదే కన్నుమూసిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్మృతి ఆ పేరులో ఉన్నది. ఈ గ్రంథమాల ముప్పైకి పైగా పుస్తకాలను వెలువరించింది. వాటిని తక్కువ వెలకు అచ్చువేయడం, తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మడం ఆయన పద్ధతి. తనకు చదువు దొరికిన దారినే ఇతరులకూ తెరవడం ఇందులోని విశేషం. గుమాస్తాలను, రిక్షా కార్మికులను సంఘాలుగా కూడగట్టడంలోనూ ఆయన కృషి ఉన్నది.

ఆయన రచనలు ఈ జీవితం నుండే వచ్చాయి. ‘ప్రజల మనిషి’, ‘గంగు’ నవలలు తెలంగాణ పల్లెలో భూస్వామ్యపు ఒత్తిడిని, దానిపై మేల్కొన్న చైతన్యాన్ని చిత్రించాయి. ‘గంగు’ అసంపూర్ణంగా మిగిలి ఆయన మరణానంతరం వెలువడింది. ‘జైలు లోపల’ కథల సంపుటి తెలుగులో కారాగార జీవితాన్ని కథావస్తువుగా చేసిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది. తెలంగాణ తొలి తరం నవలాకారుల్లో ప్రముఖునిగా నేడు విశ్వవిద్యాలయాలు ఆయనపై పరిశోధనలు చేయిస్తున్నాయి. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవని మనిషి రచన విశ్వవిద్యాలయ పాఠ్యాంశం కావడం గుర్తింపే. అయితే అది ఆయన బ్రతికి ఉండగా ఆయన కష్టాన్ని తగ్గించిన గుర్తింపు కాదు. నలభై ఆరేళ్లు నిండకముందే ఆయన మరణించారు.

5. ఇందూరు జైలు - మరో పాఠశాల:

నిజామాబాదు పట్టణంలోని ఖిల్లా, రఘునాథాలయం ఉన్న ఆ కొండకోట, నిజాం కాలంలో జైలుగా ఉపయోగపడింది. నిజాం వ్యతిరేక పోరాటంలో అరెస్టయిన దాశరథి కృష్ణమాచార్యులు, ఆళ్వారుస్వామి అక్కడ సహఖైదీలుగా ఉన్నారు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి జైలు గోడలపై పద్యాలు రాసిన సంగతి సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం.

ఈ సహవాసాన్ని సాధారణంగా కవి దాశరథి వైపు నుండే చెప్పుకుంటారు. ఆళ్వారుస్వామి వైపు నుండి చూస్తే మరో విషయం తెలుస్తుంది. దాశరథి మెట్రిక్యులేషన్ దాటిన విద్యావంతుడు. తెలుగు, సంస్కృత, ఉర్దూ సాహిత్యాల్లో ప్రవేశం గల కవి. ఆళ్వారుస్వామి ఆయన కంటే పదేళ్లు పెద్ద. బడి చదువు లేదు. జీవితానుభవం, నిర్మాణశక్తి, ప్రచురణానుభవం ఉన్నాయి. ఆ గోడల నడుమ ఈ ఇద్దరిలో గురువెవరు, శిష్యుడెవరు అన్న ప్రశ్నకు చోటే లేదు. 1949లో వెలువడిన తన తొలి కావ్యసంపుటి ‘అగ్నిధార’ను దాశరథి ఆళ్వారుస్వామికి అంకితమిచ్చారు.

ఈ అంకితాన్ని గుర్తింపు చరిత్రలో ఒక పత్రంగా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ప్రాచీన కాలం నుండి కృతిభర్త అంటే రాజో, ధనికుడో, దైవమో. చదువుకున్న కవి, చదువుకోని మిత్రునికి కృతిని అంకితమివ్వడంలో, జ్ఞానానికి కొలమానం పట్టా కాదన్న తీర్పు ఉన్నది. ఆ తీర్పు ఇచ్చినవాడు సాటి ఖైదీ, సాటి రచయిత. అంటే ఆ మనిషి పనిని దగ్గరనుండి చూసినవాడు.

‘జైలు లోపల’ కథల్లో ఆళ్వారుస్వామి రాజకీయ ఖైదీల గొప్పతనాన్ని ఏకరువు పెట్టలేదు. నేరం చేసి వచ్చిన మామూలు ఖైదీలను పరిశీలించారు. వారిని నేరం వైపు నెట్టిన పరిస్థితులేమిటని అడిగారు. జైలు ఆయనకు సమాజశాస్త్ర పాఠమైంది. ఇరవయ్యవ శతాబ్దంలో ఇటలీలో ఆంటోనియో గ్రాంసీ చెరలోనే తన ప్రఖ్యాతమైన నోటుపుస్తకాలు రాశారు. దక్షిణాఫ్రికాలో రాబెన్ ద్వీపపు రాజకీయ ఖైదీలు రాళ్లు కొట్టే గనుల్లోనే పరస్పరం పాఠాలు చెప్పుకున్నారు. ఇందూరు కోట చరిత్రను ఈ వరుసలో ఉంచి చూడటం అతిశయోక్తి కాదు. నిర్బంధం చదువును ఇవ్వదు. ఒకరి చదువును మరొకరు పంచుకోవాలన్న సంకల్పం మాత్రమే నిర్బంధాన్ని పాఠశాలగా మార్చగలదు.

6. గుర్తింపు రూపాలు:

స్వయంశిక్షణకు తెలంగాణలో లభించిన గుర్తింపును స్థూలంగా నాలుగు రూపాలుగా విభజించవచ్చు.

6.1 సంకలనం ద్వారా గుర్తింపు: తెలంగాణలో కవులు పూజ్యమన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించారు. అందులో 354 మంది కవుల రచనలున్నాయి. ఈ సంచిక ఎవరినీ ‘నీవు ఎక్కడ చదివావు?’ అని అడగలేదు. ‘నీ పద్యం ఏది?’ అని అడిగింది. పండితులతో పాటు పల్లెల్లో తమ పనులు చేసుకుంటూ పద్యం పట్టుబడినవారు, స్త్రీలు అందులో చోటు పొందారు. ఆధారం రచనే, సాక్షి పాఠకుడే. అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. పద్యం రాయగలవాడే దీనికి అర్హుడు. పాడేవారు, చెప్పేవారు, చేసేవారు దీని పరిధిలోకి రారు.

6.2 పరీక్ష ద్వారా గుర్తింపు: 1943లో ఏర్పడిన నిజాంరాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు, తరువాతి ఆంధ్ర సారస్వత పరిషత్తు, దేవులపల్లి రామానుజరావు వంటి వారి కృషితో తెలుగు పరీక్షలను నిర్వహించింది. ప్రాథమిక, ప్రవేశ, విశారద అనే మెట్లు ఏర్పరచి, ఇంటి వద్ద చదువుకొన్నవారు కూడా పరీక్ష రాసే వీలు కల్పించింది. ఉద్యోగులు, గృహిణులు, పల్లెటూరి యువకులు ఈ అవకాశాన్ని ఉపయోగించుకున్నారు. చదివే చోటు, చదివించే గురువు ఎవరి ఇష్టం వారిది. ఫలితం మాత్రం ఒకే కొలతతో కొలుస్తారు. నేర్చిన విధానాన్ని విడిచి నేర్చిన ఫలితాన్ని గుర్తించే ఈ పద్ధతి, నేడు ప్రపంచవ్యాప్తంగా చర్చిస్తున్న ‘పూర్వాభ్యాస గుర్తింపు’కు మన నేలమీది పూర్వరూపం.

6.3 వెలుపలి సంస్థ ద్వారా గుర్తింపు: మాడపాటి హనుమంతరావు ప్రభృతులు 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో ఆంధ్ర బాలికా పాఠశాలను స్థాపించారు. తెలుగు మాధ్యమం కారణంగా సంస్థానంలో ఉన్నత పాఠశాలగా దానికి గుర్తింపు కష్టమైనప్పుడు, నిర్వాహకులు పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించి తమ విద్యార్థినులకు పరీక్షల అవకాశం కల్పించారు. ఇది బడి చరిత్రే అయినా మన ప్రశ్నకు అవసరమైన ఉదాహరణ. గుర్తించే అధికారం ఒక్క చోటనే ఉన్నప్పుడు, ఆ చోటు తలుపు మూస్తే అభ్యాసకునికి దిక్కు లేదు. గుర్తించే సంస్థలు ఒకటికి మించి ఉండటం అవసరమని ఈ అనుభవం తెలుపుతున్నది.

6.4 ప్రభుత్వం ద్వారా గుర్తింపు: 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇది మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఆచార్య జి. రాంరెడ్డి దీని తొలి ఉపాధ్యక్షులు. తరువాత ఇది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకొన్నది. పదో తరగతి, ఇంటర్మీడియట్ పత్రాలు లేనివారు కూడా అర్హతా పరీక్ష ద్వారా డిగ్రీలో చేరవచ్చునన్న నియమం ఆనాడు దీని ప్రధాన సంస్కరణ. బడి మెట్లు ఎక్కనివానికి కళాశాల తలుపు తెరవడం, అప్పటివరకు అతడు సొంతంగా సాధించుకొన్న అవగాహనను ప్రభుత్వం లెక్కలోకి తీసుకోవడమే. జిల్లాల్లోని అధ్యయన కేంద్రాల్లో సెలవుదినాల తరగతులకు వచ్చిన ఉద్యోగులు, కార్మికులు, పెళ్లితో చదువాగిన స్త్రీలు ఈ నియమం వల్ల లాభపడినవారే.

7. శక్కర్‌నగర్ - పట్టాలేని నైపుణ్యం:

పై నాలుగు రూపాలూ అక్షరానికి చెందిన విద్యను గుర్తించాయి. చేతికి చెందిన విద్య మాట ఏమిటన్న ప్రశ్నకు కందకుర్తికి దగ్గరలోనే, బోధన్‌లో, జవాబు వెదకాలి.

మంజీరపై 1923-1931 నడుమ నిర్మించిన నిజాంసాగర్ జలాలు బోధన్ ప్రాంతాన్ని చెరకు సీమగా మార్చాయి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద వాటిలో ఒకటిగా పేరుపొందింది. ఆ కర్మాగారంలో పనిచేసిన తరాలకు అదే విశ్వవిద్యాలయం.

చక్కెర తయారీలో కీలకమైన దశ పాకం పట్టే దశ. చెరకు రసాన్ని సున్నంతో, గంధకపు పొగతో శుద్ధిచేసి, ఆవిరితో చిక్కపరచి, గాలి తీసేసిన పెద్ద పాత్రల్లో స్ఫటికంగా మారుస్తారు. ఏ క్షణాన గింజ కట్టడం మొదలైంది, గింజ ఎంత పెరిగింది, ఎప్పుడు దింపాలి అన్నది ఆ పాత్ర దగ్గర ఉన్న కార్మికుడు నిర్ణయించాలి. రెండు వేళ్ల నడుమ పాకం తీగ సాగడాన్ని చూసి, గాజుపలకపై పూసిన మచ్చలో గింజను వెలుతురుకు పట్టి చూసి అతడు చెప్పే మాట మీద వేల బస్తాల నాణ్యత ఆధారపడి ఉంటుంది. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. పెద్ద కార్మికుని పక్కన ఎన్నో క్రషింగు కాలాలు నిలబడి, కళ్లతో, వేళ్లతో నేర్చేది. పొలంలో రైతు కూడా అంతే. చెరకు పక్వానికి వచ్చిందో లేదో, నరికిన మొదలు నుండి మళ్లీ పంట తీయాలో, దున్నేసి కొత్తగా నాటాలో నిర్ణయించే తెలివి అతనికి తరాల అభ్యాసం వల్ల వచ్చింది.

2002లో ఈ సంస్థ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. దాని ఆర్థిక, రాజకీయ కారణాలు వేరే చర్చ. మన ప్రశ్నకు సంబంధించినంతవరకు ఒక విషయం మాత్రం స్పష్టం. కర్మాగారం నడుస్తున్నంతకాలం కార్మికుని నైపుణ్యానికి గుర్తింపు ఉన్నది. తోటివారికి తెలుసు, మేస్త్రీకి తెలుసు, అధికారికి తెలుసు. అతని పేరే అతని పట్టా. కర్మాగారం మూతపడిన నాడు ఆ సాక్షులంతా చెల్లాచెదరయ్యారు. ఇరవై, ముప్పై ఏళ్లు పాకం పట్టిన చేయి మరో ఊరి కర్మాగారం గేటు ముందు నిలబడితే, అక్కడ మొదటి ప్రశ్న ‘ఏం చదివావు?’ అన్నదే. సమూహపు స్మృతిలో మాత్రమే ఉన్న గుర్తింపు, సమూహంతో పాటే కరిగిపోతుంది. ఈ వ్యాసం చివరివరకు మరువకూడని నష్టం ఇదే.

ప్రభుత్వ విధానాల్లో ఈ లోటును పూరించే ప్రయత్నాలు లేకపోలేదు. 2013లో ప్రకటించిన జాతీయ నైపుణ్యార్హతల చట్రం, 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన ‘పూర్వాభ్యాస గుర్తింపు’ను తమ అంగాల్లో ఒకటిగా చేర్చుకున్నాయి. పని చేస్తూ నేర్చినవారిని పరీక్షించి ధ్రువపత్రమివ్వడం దీని ఉద్దేశం. యునెస్కో సంస్థ కూడా 2012లో అనియత, సహజ అభ్యాస ఫలితాలను గుర్తించడానికి మార్గదర్శక సూత్రాలను విడుదల చేసింది. ఆలోచన సరైనదే. అయితే పత్రం ఇచ్చేవారు పనిని ఎరిగినవారు కావాలి, ఆ పత్రాన్ని పని ఇచ్చేవారు నమ్మాలి. ఈ రెండూ లేనప్పుడు పత్రం గోడకు వేలాడే కాగితంగా మిగులుతుంది.

8. చరిత్ర చెప్పే కొలమానాలు:

పై పరిశీలన నుండి స్వయంశిక్షణ గుర్తింపుకు అవసరమైన కొన్ని కొలమానాలను రాబట్టవచ్చు.

మొదటిది ఆధారం. గోలకొండ కవుల సంచికకు పద్యం, పరిషత్తుకు పరీక్షాపత్రం, ఆళ్వారుస్వామికి గ్రంథమాల, కార్మికునికి గాజుపలక మీది గింజ ఆధారాలు. ఏ అభ్యాసానికి తగిన ఆధారం దానికే ఉంటుంది. పాకం పట్టేవాని నైపుణ్యాన్ని వ్యాసరూప ప్రశ్నలతో పరీక్షించడం, కవిని అంకగణితంతో పరీక్షించడం వంటిదే.

రెండవది సాక్షి. గుర్తించేవాడు ఆ విద్యను ఎరిగినవాడై ఉండాలి. దాశరథి అంకితానికి ఉన్న విలువ అందులోనే ఉన్నది. పదవి వల్ల న్యాయనిర్ణేత అయినవాని కంటే, పక్కన పనిచేసినవాని మాటకు బలం ఎక్కువ. అయితే ఆ మాటను నమోదు చేసే ఏర్పాటు లేకపోతే, శక్కర్‌నగర్‌లో జరిగినట్లు, అది నిలవదు.

మూడవది ప్రయోజనం. సారస్వత పరిషత్తు పరీక్షలు గానీ, సార్వత్రిక విశ్వవిద్యాలయ ప్రవేశార్హత గానీ తరువాతి మెట్టుకు దారి తీశాయి. గుర్తింపు తరువాత తెరుచుకొనే తలుపు ఒకటి ఉండాలి. లేనిపక్షంలో అది సన్మానం మాత్రమే.

నాలుగవది, తరచుగా మరుగున పడేది, ఆలంబన. ‘స్వయం’ అన్న మాట మనల్ని కొంత పొరబాటు పట్టిస్తుంది. ఆళ్వారుస్వామి తనంతట తాను నేర్చుకున్నారన్నది నిజమే. కానీ ఆయన వెనుక ఒక గ్రంథాలయం, ఒక పత్రికా కార్యాలయం, ఒక మహాసభ, ఒక జైలు మిత్రుడు ఉన్నారు. ఏ ఆలంబనా లేక ఎదగలేకపోయిన అసంఖ్యాకుల పేర్లు చరిత్రకు అందవు. ఎదిగిన ఒక్కని చూపి, ‘అతడు నేర్చుకోలేదా, నీవెందుకు నేర్వలేవు?’ అని మిగిలినవారిని నిందించడం అన్యాయం. స్వయంశిక్షణను కీర్తించడం బడిని ఎత్తివేయడానికి సాకు కారాదు. ఖాన్గీ బడులపై ఆంక్షలకు వ్యతిరేకంగా తీర్మానాలు చేసినవారే గ్రంథాలయాలను కూడా స్థాపించారన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం. వారికి ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు.

9. ముగింపు:

మాడపాటి హనుమంతరావు తన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’లో ఉద్యమ సంస్థల చరిత్రను గ్రంథస్థం చేశారు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల కథను పక్కన పెట్టి ప్రజల తిండి, ఆటలు, వృత్తులు, నమ్మకాలను చరిత్రకు వస్తువుగా చేశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి పురస్కారం ఆ గ్రంథానిదే. ప్రజల జీవనవిధానమే చరిత్ర అయినప్పుడు, ప్రజలు తమంతట తాము నేర్చుకొన్న విద్య కూడా విద్యాచరిత్రలో భాగం కావాలి. మన విద్యాచరిత్రలు నేటికీ ఎక్కువగా పాఠశాలల, కళాశాలల, శాఖల, నివేదికల చరిత్రలుగానే ఉన్నాయి.

ఇందూరు సీమలో ఈ పని తక్షణం చేపట్టవలసి ఉన్నది. నిజాం చక్కెర కర్మాగారంలో పనిచేసిన తరం వయసు మీరుతున్నది. వారి మాటల్లోనే వారి పనిని నమోదు చేయడం, ఏ పనిని ఎవరివద్ద ఎలా నేర్చుకున్నారో అడిగి రాసుకోవడం, యంత్రం పక్కన వాడుకలో ఉన్న తెలుగు, ఉర్దూ మాటలను సేకరించడం 2006లో ఈ జిల్లాలోనే ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం వంటి సంస్థల పరిశోధకులకు తగిన కర్తవ్యం. గోలకొండ కవుల సంచిక ఊరూరా కవులను వెదికి పట్టుకొన్నట్లే, ఊరూరా పనివారిని వెదికే సంచిక ఒకటి రావాలి. అందులో చేరడానికి అర్హత ఒక్కటే ఉండాలి: ఆ మనిషి పనిని చూసిన మరో పనివాడు, ‘ఇతనికి పని వచ్చు’ అని చెప్పడం.

కందకుర్తి వద్ద మూడు నీళ్లు కలిసిన తరువాత ఏది మంజీర, ఏది హరిద్ర అని ఎవరూ వేరుచేయలేరు. మనిషి జ్ఞానంలో కూడా బడి ఇచ్చినది, పుస్తకం ఇచ్చినది, పని ఇచ్చినది అలాగే కలిసిపోయి ఉంటాయి. వాటిలో బడి ఇచ్చిన పాలుకు మాత్రమే ముద్ర వేసి, మిగిలిన రెండింటినీ లెక్క నుండి తీసివేయడం న్యాయమూ కాదు, చరిత్రా కాదు.